మెట్ల కింద 11 స్ప్రే డబ్బాలు దొరికాయి. ఖాళీవో కావో ఎలా తెలుసుకోవాలి, ఎవరికివ్వాలి?

వెన్నెల_వాకిలి

నమస్కారమండీ. వచ్చే వారం ఇల్లు మారుతున్నాం. మెట్ల కింద అర సర్దుతుంటే పాత దుప్పట్ల వెనక నుంచి స్ప్రే డబ్బాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మొత్తం 11. రంగు స్ప్రేలు 4, బొద్దింకల మందు 2, డియోడరెంట్లు 2, షేవింగ్ ఫోమ్ ఒకటి, తలుపు చట్రానికీ గోడకీ మధ్య సందు పూడ్చే నురుగు ఒకటి. పదకొండోదానికి లేబులే లేదు. అడుగున తుప్పు పట్టి చెక్కకి అతుక్కుపోయింది. మెల్లగా ఊడదీశాను.

కొన్ని ఊపితే గలగలమంటున్నాయి. కొన్ని చప్పుడు చెయ్యవు గానీ నొక్కితే స్స్ మంటున్నాయి. రెండు రంగు డబ్బాలకి నొక్కే బటనే లేదు. అన్నీ ఒక సంచిలో వేసి చెత్తబండికి ఇచ్చేద్దామని మూతి కట్టబోతుంటే ఒక డబ్బా మీద "వాడిన తర్వాత కూడా పొడవరాదు, కాల్చరాదు" అని కనిపించింది. వాడిన తర్వాత కూడా ఎందుకు? అయిపోయిందంటే ఖాళీయే కదా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడున్నాడు. ఆ సంచి ఎక్కడ పెట్టినా మనసు అక్కడే ఉంటోంది.

సాయి_చకచకా

అక్కా, కంగారు పడకండి. నేను ఎప్పుడూ చేసేది చెప్తా. గాలి పోయేదాకా నొక్కి వదిలేసి, పక్కన మేకు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తా. మిగిలిన గ్యాసు పోతుంది, డబ్బా తొక్కితే చదునవుతుంది. ఆపైన పాత ఇనుము వాళ్లకి ఇచ్చేయొచ్చు. నాలుగైదేళ్లుగా ఇలాగే చేస్తున్నా, ఏమీ కాలేదు.

తుక్కు_తూకం

సాయి తమ్ముడూ, నీకు దణ్ణం పెడతా, ఆ మేకు పని ఆపెయ్.

మాది పాత ఇనుము యార్డు. రేకు డబ్బాలన్నీ ప్రెస్సులో వేసి దిమ్మలు కడతాం. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం గోనెసంచి నిండా డబ్బాలొచ్చాయి. పైనున్నవన్నీ మామూలు రేకు డబ్బాలే. అడుగున స్ప్రేలున్నాయని ఎవరం చూసుకోలేదు. ప్రెస్సు పలక దిగుతుంటే ముందు సన్నగా ఈల వేసినట్టు వినిపించింది. ఏంటా అని మా కుర్రాడు వంగి చూశాడు. అంతే, పలక సందులోంచి మంట అడ్డంగా వచ్చి పోయింది. రెండు సెకన్లు కూడా లేదు. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది, కనుబొమలు పోయాయి. చెయ్యి మానింది గానీ ఇప్పటికీ ఆ వేళ్లు పూర్తిగా ముడవలేడు. గ్లాసు పట్టుకోవాలంటే ఎడమ చెయ్యే.

అందులో ఎన్ని డబ్బాలు నిండుగా ఉన్నాయో తర్వాత విడదీసి చూశాం. నిండుది ఒక్కటీ లేదు. అన్నీ "అయిపోయినవే".

వెన్నెల గారూ, మేం స్ప్రే డబ్బాలు తీసుకోం అని అనం. మంచి రేకు అది, కరిగిస్తే మళ్లీ పనికొస్తుంది. విడిగా ఇవ్వండి, ఇచ్చేటప్పుడు "ఇవి స్ప్రేలు" అని నోటితో చెప్పండి. మిగతా తుక్కులో కలపకండి. మేం అడిగేది అంతే.

బడి_మాస్టారు

వెన్నెల గారు అడిగింది అసలైన ప్రశ్న. స్ప్రే డబ్బా "అయిపోయింది" అనడంలో మూడు సంగతులున్నాయి, మనం మూడిటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం. మందు అయిపోవడం ఒకటి. మందుని బయటికి నెట్టే బలం అయిపోవడం రెండోది. బలం పోయినా గ్యాసు లోపలే మిగిలి ఉండటం మూడోది.

ఆ నెట్టేది మామూలు గాలి అనుకుంటాం. చాలా డబ్బాల్లో అది ప్రొపేన్, బ్యూటేన్, ఐసోబ్యూటేన్‌ల మిశ్రమం. అంటే వంటగ్యాసు కుటుంబమే. కొన్నిట్లో డైమిథైల్ ఈథర్ ఉంటుంది, అదీ మండేదే. డబ్బాలో కాస్త ఒత్తిడి ఉండటంవల్ల అది ద్రవంగా ఉంటుంది, పైన కొంచెం జాగాలో ఆవిరిగా ఉంటుంది. మనం నొక్కినప్పుడు పై ఆవిరి మందుని గొట్టంలోకి నెడుతుంది. తగ్గిన ఆవిరిని ద్రవం మళ్లీ మరిగి నింపుతుంది. అందుకే కొత్త డబ్బాలో ఎంత జోరు ఉంటుందో సగం అయిపోయిన డబ్బాలోనూ దాదాపు అంతే జోరు ఉంటుంది. చివరి చుక్క ద్రవం ఆవిరయ్యేదాకా ఒత్తిడి పెద్దగా తగ్గదు. గది వేడిలో చాలా డబ్బాల లోపలి ఒత్తిడి బయటి గాలికంటే 3 నుంచి 6 రెట్లు ఉంటుంది. గాలి నింపిన కారు టైరుకి ఏమాత్రం తీసిపోదు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూపిస్తాను, పిల్లలకి కూడా ఇదే చెప్తాను. 1 మిల్లీలీటరు ద్రవ బ్యూటేన్ ఆవిరైతే సుమారు 240 మిల్లీలీటర్ల గ్యాసు అవుతుంది. డబ్బా అడుగున 50 మిల్లీలీటర్లు మిగిలిందనుకోండి, అది 12 లీటర్ల గ్యాసు. గాలిలో బ్యూటేన్ 1.8 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. అంటే ఆ 12 లీటర్లు 600 లీటర్లకు పైగా గాలిని మండే గాలిగా మార్చగలవు. మేకుతో పొడిస్తే ఆ గ్యాసంతా కొన్ని సెకన్లలో, పొడిచినవాళ్ల మోకాళ్ల దగ్గరే బయటికొస్తుంది. సుత్తి, మేకు, రేకు, మూడూ లోహాలే. రవ్వ ఎక్కడి నుంచో రానక్కర్లేదు.

స్స్ కూడా రాని డబ్బా సంగతి. దానిలోనూ బయటి గాలితో సమానమైన ఒత్తిడిలో గ్యాసు నిండి ఉంటుంది. 300 మిల్లీలీటర్ల డబ్బాలో 300 మిల్లీలీటర్లు. అది 16 లీటర్ల గాలిని మండించడానికి సరిపోతుంది, ఒక పెద్ద బకెట్టంత. అలాంటి డబ్బా దానంతట అది పేలదు. నిప్పుల్లో పడితే మాత్రం లోపలి గ్యాసు వేడికి ఉబ్బుతుంది, దారి లేక డబ్బాని చీల్చుకుని వస్తుంది. "వాడిన తర్వాత కూడా" అని రాసింది ఇందుకే.

ఇంకొక మాట, ఇది చాలామందికి తెలియదు. వంటగ్యాసు లీకైతే మనకి తెలిసేది దానికో ఘాటైన వాసన కావాలని కలుపుతారు కాబట్టి. స్ప్రే డబ్బాల్లోకి వెళ్లే గ్యాసుకి ఆ వాసన కలపరు. పరిమళం పాడవుతుందని అసలు వాసనే లేకుండా శుద్ధి చేస్తారు. కాబట్టి ముక్కుని నమ్ముకోవడానికి లేదు.

సాయి_చకచకా

మాస్టారూ, వాసన రాకపోతే గ్యాసు మొత్తం పోయినట్టే అని నేను ఇన్నాళ్లూ అనుకున్నా. మేకు కొట్టే ముందు నిజంగానే వాసన చూసేవాణ్ణి.

నిప్పు_కొలువు

అగ్నిమాపక శాఖలో చేసి రిటైరయ్యాను. మాస్టారు చెప్పిన లెక్క నిజజీవితంలో ఎలా ఉంటుందో ఒక సంఘటన చెప్తాను. 2018 డిసెంబర్ 16న జపాన్‌లోని సప్పోరో నగరంలో ఒక కార్యాలయంలో సిబ్బంది వాడని దుర్వాసన నివారణ స్ప్రేలు వదిలించుకోవాలనుకున్నారు. పారేసే ముందు ఖాళీ చెయ్యాలని గదిలోనే సుమారు 120 డబ్బాలు నొక్కి వదిలేశారు. పని అయ్యాక చేతులు కడుక్కోవడానికి నీళ్ల హీటరు వెలిగించారు. భవనం కూలిపోయింది. పక్కనే ఉన్న భోజనశాలలో కూర్చున్నవాళ్లతో కలిపి 40 మందికి పైగా గాయపడ్డారు. వాళ్లెవరూ దుర్మార్గులు కారు, నిర్లక్ష్యంగా ఉన్నవాళ్లూ కారు. శుభ్రంగా ఖాళీ చేసి పారేద్దామనే అనుకున్నారు. గదిలో చేశారు, అదీ ఒకేసారి అన్నీ చేశారు.

ఈ గ్యాసు గాలికంటే బరువు. ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. పైకి పోయి కిటికీలోంచి వెళ్లిపోతుంది అనుకుంటారు. వెళ్లదు. నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది, తలుపు కింది సందులోంచి పక్క గదిలోకి పాకుతుంది, కాలవ గుంటల్లో నిలుస్తుంది. మంట ఎక్కడో ఉంటుంది, గ్యాసే దాని దగ్గరికి వెళ్తుంది.

వెన్నెల గారు ఇప్పుడు చెయ్యాల్సింది ముందు చెప్తాను. ఆ సంచిలోంచి అన్నీ బయటికి తియ్యండి. ప్లాస్టిక్ సంచిలో ఒకదాని మీద ఒకటి పడితే బటన్ నొక్కుకుపోతుంది, కారిందంతా సంచిలోనే ఉంటుంది. అట్టపెట్టెలో నిలబెట్టండి. గాలి ఆడే చోట, నీడలో, పిల్లాడికి అందని ఎత్తులో పెట్టండి. పొయ్యి ఉన్న గదిలో వద్దు. ఎండలో నిలిపిన కారులో అసలు వద్దు. డబ్బా మీద రాసే హద్దు 50 డిగ్రీలు, మూసిన కారు ఎండలో ఆ హద్దు తేలిగ్గా దాటుతుంది.

తర్వాత ఒక్కో డబ్బా అడుగు చూడండి. రేకు డబ్బా అడుగు మామూలుగా లోపలికి వంగి ఉంటుంది, బోర్లించిన మూకుడులా. ఒత్తిడి హద్దు దాటుతున్నప్పుడు ముందు ఆ అడుగే బయటికి తన్నుకొస్తుంది. అడుగు ఉబ్బి డబ్బా నిటారుగా నిలబడకుండా ఊగుతుంటే దాన్ని ఊపకండి, నొక్కకండి.

తుప్పు డబ్బా విషయంలో మాత్రం ఏ పరీక్షా వద్దు. ఒక బకెట్లో పొడి ఇసుక పోసి అందులో నిలబెట్టి బయట నీడలో ఉంచండి. లోపల ఏముందో తెలుసుకోవాలని ఎవరూ దాన్ని నొక్కాల్సిన పని లేదు.

సాయి_చకచకా

నేను మేకు కొట్టే వాకిలి పక్కనే మా గ్యాసు గీజరు ఉంది. గోడకి అవతల కూడా కాదు, ఇవతలే. ఇన్నేళ్లూ ఏమీ కాలేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నా అక్కా. నా మాట వినకండి.

రంగు_చెయ్యి

స్ప్రే పెయింటు పని నాది. వెన్నెల గారూ, ముందు ఒక అపోహ తీరుస్తాను. రంగు డబ్బా ఊపితే వచ్చే గలగల రంగుది కాదు. లోపల కలపడానికి ఒక గోళీ ఉంటుంది, దాని చప్పుడు అది. డబ్బా పూర్తిగా ఖాళీ అయినా గోళీ మోగుతూనే ఉంటుంది. తేడా చెవికి అలవాటు కావాలి. రంగు ఉంటే గోళీ మందంగా, బురదలో తిరిగినట్టు కదులుతుంది. ఖాళీగా ఉంటే రేకుకి తగిలి ఖణేల్‌మంటుంది. మీ నాలుగూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటి ఊపి వినండి, తెలిసిపోతుంది.

బటన్ లేని రెండిటికీ మిగతా రంగు డబ్బాల బటన్ తీసి పెట్టి చూడొచ్చు. కానీ ఒకటి గమనించండి. కొన్నిటికి సన్నటి కాడ డబ్బాకే ఉంటుంది, బటన్‌కి బెజ్జం ఉంటుంది. కొన్నిటికి కాడ బటన్‌కి ఉంటుంది, డబ్బా మీద బెజ్జం ఉంటుంది. రెండు రకాలూ ఒకదానికొకటి పట్టవు. బలవంతంగా గుచ్చారంటే వాల్వు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది, రంగంతా ముఖాన పడుతుంది. గుండుసూది, పుల్ల, ఇలాంటివేవీ ఆ బెజ్జంలో పెట్టకండి. బటన్ పూడుకుపోతే బటన్ ఒక్కటి లాగి థిన్నర్‌లో నానబెట్టాలి, డబ్బా జోలికి పోకూడదు.

రంగు ఇంకా ఉండి, స్ప్రే అవుతుంటే దాన్ని వదిలించుకోవడానికి మంచి దారి వాడెయ్యడమే. గేటుకో, ఇనప కుర్చీకో ఒక పూత వెయ్యండి. వెయ్యడానికి ఏమీ లేకపోతే ఆరుబయట పెద్ద అట్టముక్క మీద కొట్టండి. గాలి మీ వెనక నుంచి వీస్తుండాలి, మాస్కు పెట్టుకోవాలి, చుట్టుపక్కల మంట, బీడీ, మోటారు ఏదీ ఉండకూడదు. ఒక్క డబ్బా అయ్యాక కాసేపు ఆగి రెండోది. చివర్లో డబ్బాని తలకిందులు చేసి నొక్కితే గొట్టం కొస గ్యాసులోకి వస్తుంది, రంగు రాకుండా గ్యాసే వచ్చి బటన్ శుభ్రమవుతుంది.

ఆ తలకిందుల సంగతిలోనే ఒక చిక్కుంది. పని చేసేటప్పుడు డబ్బాని ఎక్కువగా వంచి కొడితే రంగుకంటే ముందే గ్యాసు అయిపోతుంది. అప్పుడు సగం రంగు లోపలే ఉండి, ఎంత నొక్కినా రాదు. అలాంటిది మీ నాలుగిట్లో ఉంటే అది ఖాళీ డబ్బా కింద లెక్క కాదు. రంగు చెత్త కింద, ప్రమాదకర చెత్త తీసుకునే చోట ఇవ్వాలి.

ఆకు_నీడ

అసలు స్ప్రేలు నొక్కి ఖాళీ చేస్తే ఓజోన్ పొరకి చిల్లు పడుతుందంటారు కదా? ఆరుబయట కొట్టమని చెప్పడం సబబేనా?

బడి_మాస్టారు

మంచి సందేహం. ఆ మాట పాత డబ్బాల గురించి వచ్చింది. అప్పట్లో వాటిలో సీఎఫ్‌సీ వాయువులు వాడేవారు. 1974లో మోలినా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అవి ఓజోన్‌ని తినేస్తాయని చెప్పారు. 1978లో అమెరికా చాలా స్ప్రేల్లో వాటిని నిషేధించింది. వాటి వాడకం తగ్గించాలని 1987లో దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1995లో వాళ్లిద్దరికీ, క్రుట్జెన్ అనే ఇంకో శాస్త్రవేత్తకీ కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఇప్పటి ఇంటి స్ప్రేల్లో సీఎఫ్‌సీలు లేవు.

కానీ ఆ మార్పుతో ఇంకొకటి జరిగింది. సీఎఫ్‌సీలు మండవు. వాటి స్థానంలోకి వచ్చిన ప్రొపేన్, బ్యూటేన్ మండుతాయి. పైన పొరకి మేలు జరిగింది, చేతిలో డబ్బాకి నిప్పు భయం వచ్చింది. మా నాన్నగారి తరంవాళ్లు చాలామంది "మేం పొడిచేవాళ్లం, ఏమీ అయ్యేది కాదు" అంటుంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. డబ్బాలో సరుకు మారింది.

ఆరుబయట కొట్టడం గురించి మీరన్నది నిజం, అది పుణ్యకార్యం ఏమీ కాదు. ఆ ఆవిర్లు ఎండలో ఇతర వాయువులతో కలిసి నేల దగ్గరి గాలిని పాడు చేస్తాయి. అందుకే వాడుకోగలిగినది వాడుకోవాలి. వాడలేనిది గాలిలోకి వదలకుండా, సగం ఉన్నా సరే, అలాగే ప్రమాదకర చెత్త కింద అప్పగించాలి. కేవలం ఖాళీ చెయ్యడం కోసం నిండు డబ్బా గాల్లోకి కొట్టడం నాకు సమ్మతం కాదు.

సీలు_లైను

స్ప్రే డబ్బాలు నింపే ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో పనిచేశాను. నింపి, వాల్వు బిగించాక డబ్బాలన్నిటినీ వేడినీళ్ల తొట్టిలోంచి పంపేవాళ్లం. లోపలి ఒత్తిడి 50 డిగ్రీల దగ్గర ఉండేంతకి చేరాలి. ఎక్కడైనా బుడగ కనిపించినా, డబ్బా ఆకారం మారినా పక్కన పడేసేవాళ్లం. కొత్త డబ్బాకి ఆ పరీక్ష జరిగింది కాబట్టి నమ్మకంగా పట్టుకోవచ్చు. మీ తుప్పు డబ్బాకి ఆ నమ్మకం ఇప్పుడు లేదు. తుప్పు రేకుని పలచన చేస్తుంది, అది కూడా అడుగు అంచు మడతలోనే మొదలవుతుంది. ఇసుక బకెట్ సలహా నూటికి నూరుపాళ్లు సరైనది.

ఏది ఇనుము, ఏది అల్యూమినియం అనేది ఫ్రిజ్ మీది అయస్కాంతంతో చూడొచ్చు. డబ్బా నడుముకి ఆనించండి, పైభాగానికి కాదు. అల్యూమినియం డబ్బాకి కూడా వాల్వు ఉండే గిన్నె ఇనప రేకుది కావచ్చు, పైన పెడితే అంటుకుని మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఇనప రేకుదయితే ఒక పక్క నిలువునా సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. అల్యూమినియం డబ్బా ఒకే ముద్ద నుంచి సాగదీసి చేస్తారు, అతుకు ఉండదు. మీ డియోడరెంట్లు బహుశా అవే.

సందుల్లో కొట్టే నురుగు డబ్బా గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. దాన్ని మిగతావాటితో కలపకండి. అందులో ఐసోసైనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకీ చర్మానికీ చెరుపు చేసే రసాయనం. గాలిలో తేమ తగిలితే గట్టిపడుతుంది. వాల్వు దగ్గర గట్టిపడి దారి మూసుకుపోతే లోపల గ్యాసు, రసాయనం రెండూ బందీ అయిపోతాయి. నొక్కితే ఏమీ రాదు, మనం ఖాళీ అనుకుంటాం. తూచి చూస్తే బరువుంటుంది. అది నేరుగా ప్రమాదకర చెత్తలోకే.

చెత్త_వేరు

చెత్త వేరుచేసే కేంద్రంలో సూపర్‌వైజర్‌ని. మా వైపు నుంచి ఎలా ఉంటుందో చెప్తాను.

మామూలు చెత్తబండిలో వేస్తే ముందు బండిలోనే నొక్కు పడుతుంది. వెనక ఉన్న ఇనప పలక చెత్తని లోపలికి కుక్కుతుంది కదా, అక్కడే డబ్బా చిట్లుతుంది. చుట్టూ కాగితాలు, అట్టలు, ఒక్కోసారి పాత బ్యాటరీ. బండి నడుస్తుండగా పొగ వస్తే డ్రైవరు రోడ్డు మీదే చెత్తంతా దింపేయాలి. నేను రెండుసార్లు చూశాను, రెండోసారి దింపడానికి టైమ్ దొరకలేదు.

పొడి చెత్తలో వస్తే మా బెల్టు మీద పెద్ద అయస్కాంతం ఇనప డబ్బాల్ని పైకి లాగేస్తుంది. అల్యూమినియాన్ని వేరే యంత్రం పక్కకి ఎగరగొడుతుంది. ఆ తర్వాత దిమ్మలు కట్టే ప్రెస్సు, తుక్కు_తూకం అన్న చెప్పిన లాంటిదే. నిజంగా ఖాళీ అయిన డబ్బా అయితే ఏ గొడవా లేకుండా కొలిమికి వెళ్తుంది. ఆ లోహం మంచిది. ఖనిజం నుంచి కొత్తగా అల్యూమినియం తియ్యడంతో పోలిస్తే పాతది కరిగించడానికి సుమారు 95 శాతం తక్కువ కరెంటు, ఇంధనం సరిపోతాయి. అందుకని భయపడి అన్నీ పాతిపెట్టేయడం నాకు బాధగా ఉంటుంది. ఖాళీ చేసి విడిగా ఇస్తే ఆ డబ్బా మళ్లీ డబ్బా అవుతుంది.

ఇచ్చేముందు పైన ఉండే వదులు ప్లాస్టిక్ మూత తీసి ప్లాస్టిక్‌లో వెయ్యండి. నొక్కే బటన్ మాత్రం దాని చోటే వదిలెయ్యండి, పీకకండి. తొక్కి చదును చెయ్యకండి. చదును చేస్తే మా మనిషికి అది స్ప్రే డబ్బా అని కూడా తెలియదు.

బొద్దింకల మందు రెండూ ఖాళీ చెయ్యాలని ఇంట్లో, పెరట్లో కొట్టేయకండి. వాటిలో ఎక్కువగా ఉండే పైరెథ్రాయిడ్ మందులు చేపలకీ తేనెటీగలకీ విషం. కాలవలోకి పోతే చెరువు దాకా వెళ్తాయి. లోపల మందు ఉంటే ఉన్నట్టే ప్రమాదకర చెత్త కింద ఇవ్వండి.

పద్ధతి అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్నిచోట్ల ఇంటి నుంచి వచ్చే ఖాళీ స్ప్రేలని లోహపు చెత్తతో పాటే తీసుకుంటారు, కొన్నిచోట్ల అన్నిటినీ ప్రమాదకర చెత్త అంటారు. మీ పురపాలక సంఘానికి ఒక ఫోన్ చేసి "సగం ఉన్నవి ఎక్కడ, ఖాళీవి ఎక్కడ" అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి. కలిపి అడిగితే చాలాసార్లు సగం జవాబే వస్తుంది.

డబ్బాలకి చిల్లు పొడవడం పరిశ్రమల్లో ఉంది, అది నిజమే. కానీ దానికి మూసి ఉన్న పరికరం ఉంటుంది. కింద డ్రమ్ము, పైన బొగ్గు ఫిల్టరు, రవ్వ పుట్టకుండా భూమికి కలిపిన తీగ. అమెరికాలో 2019 డిసెంబర్‌లో వ్యాపార సంస్థల స్ప్రే డబ్బాలకి ప్రత్యేక నిబంధనలు తెచ్చినప్పుడు కూడా అలాంటి పరికరంతోనే, రాసి పెట్టుకున్న పద్ధతిలోనే పొడవాలన్నారు. మేకూ సుత్తీ అందులో లేవు.

ఊపిరి_అమ్మ

మా పాపకి ఆస్తమా. ఇన్‌హేలర్ల లోపల ఉండే చిన్న డబ్బా కూడా ఇలాంటిదేనా? నెలకొకటి అయిపోతుంది. ఇన్నాళ్లూ మామూలు చెత్తలోనే వేశాను.

సీలు_లైను

అవునమ్మా, అదీ ఒత్తిడి డబ్బాయే. చాలావాటిలో హెచ్‌ఎఫ్‌సీ 134ఏ అనే వాయువు ఉంటుంది. అంత తేలిగ్గా మండదు, కానీ భూమిని వేడెక్కించడంలో వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కంటే సుమారు 1,300 రెట్లు బలమైనది. కాబట్టి దాన్ని గాల్లోకి వదిలి ఖాళీ చెయ్యకండి. కొన్ని దేశాల్లో మందుల షాపులే పాతవి తిరిగి తీసుకుంటాయి. మీ షాపులో అడగండి, లేదంటే మందుల చెత్త తీసుకునే చోట ఇవ్వండి.

దీనికంటే ముఖ్యమైనది ఒకటి చెప్పాలి. రాసి ఉన్నన్ని మోతాదులు అయిపోయాక కూడా అది నొక్కితే స్ప్రే అవుతుంది. వచ్చేది ఎక్కువగా గ్యాసే, మందు సరిగ్గా ఉండదు. ఊపి చూసినా, నీళ్లలో వేసి తేలుతుందేమో చూసినా సరైన జవాబు రాదు. మోతాదుల లెక్క చూపించే అంకెల గడి ఉంటే దాన్నే నమ్మండి, లేకపోతే కాలెండరు మీద గీతలు పెట్టుకోండి. పాప విషయం కాబట్టి ఇంతగా చెప్తున్నా.

ఊపిరి_అమ్మ

ఊపి చూసే పద్ధతినే నేను నమ్ముకున్నాను. ఇవాళే గీతలు మొదలుపెడతాను. చాలా చాలా కృతజ్ఞతలు.

వెన్నెల_వాకిలి

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నాలుగు రోజుల్లో జరిగింది చెప్తాను.

రంగు డబ్బాలు నాలుగూ చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. రెండు ఖణేల్‌మన్నాయి, నొక్కితే స్స్ కూడా లేదు. బటన్ లేని రెండిట్లో ఒకదానికి ఆ ఖాళీ డబ్బా బటన్ సరిగ్గా పట్టింది. మొక్కల స్టాండుకి రెండు పూతలు వేసేసరికి అయిపోయింది. రెండోదానికి ఏ బటనూ పట్టలేదు, ఊపితే బరువుగా ఉంది, బలవంతం చెయ్యలేదు. డియోడరెంట్లు రెండూ అల్యూమినియం. ఒకదాంట్లో కాస్త ఉంటే మావారు వాడేశారు. షేవింగ్ ఫోమ్ పైన అయస్కాంతం అంటుకుంది, నడుముకీ అంటుకుంది, అంటే ఇనుమే.

పురపాలక సంఘానికి ఫోన్ చేసి రెండు ప్రశ్నలూ విడివిడిగా అడిగాను. మొదట ఒకాయన "అన్నీ పొడి చెత్తలో వెయ్యండమ్మా" అన్నారు. సగం ఉన్నవి అనగానే ఆగి, ఇంకొకరికి ఇచ్చారు. ఆవిడ ప్రమాదకర చెత్త తీసుకునే రోజు, చోటు చెప్పారు. తుప్పు డబ్బా గురించి చెప్తే ఇసుక బకెట్‌తో పాటే తెమ్మన్నారు. అలాగే తీసుకెళ్లాం, కారు అద్దాలు దింపి, పొద్దున్నే. బొద్దింకల మందు 2, నురుగు, రంగు ఒకటి, తుప్పుది ఒకటి, మొత్తం 5 అక్కడ ఇచ్చాం. మిగిలిన 6 మూతలు తీసి విడిగా ఒక పెట్టెలో పెట్టి పాత ఇనుము ఆయనకి ఇచ్చాం. "ఇవి స్ప్రేలు" అని మా అబ్బాయి చెప్పాడు, వాడికి నేర్పించాను.

రంగు_చెయ్యి

బలవంతం చెయ్యకుండా ఆపేశారు చూడండి, అది చాలా మంచి పని చేశారు.

సాయి_చకచకా

నేను కూడా నా దగ్గరున్న మూడు తీసుకెళ్లి ఇక్కడి పాత ఇనుము ఆయనకి ఇచ్చా. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని ఊపి విని, ఒకటి నాకు తిరిగిచ్చేశాడు, ఇందులో ఇంకా ఉందన్నాడు. మిగతా రెండూ నీడలో ఉన్న ఒక డ్రమ్ములో వేశాడు. దానికి మూత లేదు, అడుగున చుట్టూ చిల్లులున్నాయి. పాతదేమో, మార్చుకోలేదేమో అనుకున్నా.

తుక్కు_తూకం

పాతది కాదు తమ్ముడూ, కావాలని అలా చేస్తాం. ఏ డబ్బా అయినా కారితే మూత ఉన్న డ్రమ్ములో గ్యాసు నిలిచిపోతుంది. పైన ఒక్కటే తెరిచినా చాలదు, బరువు గ్యాసు కాబట్టి అడుగునే కూర్చుంటుంది. అందుకే కింద వేలు పట్టేంత చిల్లులు పెడతాం. మాది కూడా అలాగే చేయించాను, కుర్రాడికి దెబ్బ తగిలిన వారంలో. ఆయన తిరిగిచ్చిన డబ్బాలో ఏముంది? రంగా, మందా? లేబులు చూసి చెప్పు, ఎక్కడ ఇవ్వాలో చూద్దాం.